లండన్‌కని నేసిన రుమాళ్లు

తొంభై తొమ్మిదిలో నేను నర్సు ఉద్యోగానికి బర్మింగ్‌హామ్ వచ్చాను. వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం పొద్దున్నే నాన్నకు ఫోన్ చేసేదాన్ని. అక్కడ అప్పుడే చర్చి అయ్యేది. మా వీధి చివర ఎస్టీడీ బూత్ ఉండేది. నాన్న బైబిలు చంకలో పెట్టుకునే వచ్చి ఆ బూత్ ముందు బల్ల మీద కూర్చునేవాడు. నేను ఇక్కడ ఫోన్ కార్డు గీకి, మూరెడు పొడుగు నంబర్లు నొక్కి, ఆయన గొంతు కోసం చెవి రిక్కించేదాన్ని. తిన్నావా, చలిగా ఉందా, డ్యూటీ కష్టంగా ఉందా అని ఆయన కూడా అడిగేవాడు. కానీ అవన్నీ రెండో వరస ప్రశ్నలు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"మన రుమాలు ఎవరి మీదన్నా కనపడిందా అమ్మాయ్?"

మా నాన్న నేతగాడు. చీరాల దగ్గర నేత ఊరు మాది, క్రైస్తవ కుటుంబం. ఇంట్లో సగం చోటు మగ్గానిదే. నేలలో గుంట తవ్వి, కాళ్లు ఆ గుంటలోకి వేలాడేసి కూర్చుని నేసే గుంట మగ్గం అది. ఆయన నేసినవి రుమాళ్లు. రుమాలంటే జేబులో పెట్టుకునే చేతిగుడ్డ అనుకోకండి. గజం పొడవు, గజం వెడల్పు ఉండే గళ్ల గుడ్డ. ఎరుపు, నీలం, తెలుపు గళ్లు. అలాంటివి ఎనిమిది కత్తిరించకుండా ఒకే తానుగా నేసి, మడత పెట్టి ఆసామికి ఇచ్చేవాడు. ఆసామి అంటే మాకు నూలు ఇచ్చి, గుడ్డ తీసుకుపోయే పెద్దమనిషి. ఆయన గోడౌన్‌లో ఆ తాన్లను బేళ్లు కట్టి, గోనె మీద నల్ల సిరాతో ఇంగ్లీషులో లండన్ అని ముద్ర కొట్టేవాళ్లు. నాన్నకు ఇంగ్లీషు రాదు. ఆ ఒక్క మాటను మాత్రం చూసి గుర్తుపట్టేవాడు. మా తాత కూడా అంతే, తాత నాన్న కూడా అంతేనట.

ఇన్ని తరాలు నేశారు కదా, ఆ రుమాలు కట్టుకున్న మనిషిని మావాళ్లు ఒక్కర్నీ చూడలేదు. మా ఊళ్లో దాన్ని ఎవరూ కట్టరు. నేసే నాన్న కట్టుకునేది మిల్లు లుంగీ. అందుకని ఇంట్లో ఎవరి ఊహ వాళ్లది. దొరసానులు మంచు పడేటప్పుడు తలకు చుట్టుకుంటారని మా నాయనమ్మ నమ్మకం. కాదు, భోజనాల బల్ల మీద పరుస్తారని నాన్న వాదన. ఇద్దరికీ అర్థం కాని సంగతి ఒకటుండేది. ఆ గుడ్డకు ఒక వాసన. నీలిమందు, నువ్వుల నూనె, పులిసిన గంజి కలిసిన ఘాటైన వాసన. ఉతకకుండా, ఆ వాసన పోకుండానే పంపాలని ఆసామి షరతు. రంగులు తర్వాత తర్వాత కెమికల్‌వి వచ్చినా వాసన మాత్రం తగ్గకూడదు. వాసన తగ్గితే తాను వెనక్కి వచ్చేది.

"ఈ కంపు దొరలకి ఎందుకమ్మా అంత ఇష్టం?" అని నేను చిన్నప్పుడు అడిగాను. "ఆ చలి దేశంలో స్నానాలు తక్కువ గదా, ఏదో ఒక వాసన కావాల్లే" అన్నాడు నాన్న, పేక పోగు సర్దుకుంటూ. మా అమ్మ పగలబడి నవ్వింది.

కాబట్టి నేను ఇంగ్లండు విమానం ఎక్కేటప్పుడు మా వీధిలో అందరూ నర్సు ఉద్యోగం గురించి మాట్లాడుకుంటుంటే, నాన్న ఒక్కడూ రుమాలు గురించి ఆలోచించాడు. కుటుంబంలో ఇన్నాళ్లకు ఒక మనిషి ఆ గుడ్డ వెళ్లే చోటికి వెళుతోంది. దాని సంగతేమిటో ఇప్పటికి తెలుస్తుందని ఆయన ఆశ.

నేను వెతికాను. నిజంగానే వెతికాను. బస్సుల్లో, మార్కెట్లో, చర్చిలో, నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్ల అల్మారాల్లో. లండన్ వెళ్లినప్పుడు రెండు రోజులు జనం తలల వంకే చూశాను. పాత బట్టలమ్మే ఛారిటీ షాపుల్లో గళ్ల గుడ్డ కనిపిస్తే తీసి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. వాషింగ్ పౌడర్ వాసన తప్ప మరేమీ రాదు. ఒక షాపులో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, అది ఉతికిందేనమ్మా అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా ఆవిడకు ఏమని చెప్పను? సిగ్గుపడి బయటికొచ్చేశాను.

మొదటి చలికాలంలో నాన్న గొంతు మారింది. ఆసామి దగ్గరికి లండన్ ఆర్డర్లు రావడం తగ్గిందట. ముందు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. పక్కింటివాళ్లు గుంట పూడ్చేసి హైదరాబాదులో వాచ్‌మన్ ఉద్యోగానికి వెళ్లారు. ఎదురింటివాళ్లు చీరల మగ్గానికి మారారు. "అక్కడోళ్లు కట్టుకోవడం మానేశారంటావా?" అని అడిగాడు నాన్న. ఎప్పుడూ ఎవరి ముందూ తగ్గని మనిషి, చెయ్యి చాచినట్టు అడిగాడు.

"లేదు నాన్నా, మొన్న బస్సులో ఒకావిడ తలకు కట్టుకుంది. ఎర్ర గళ్లది" అన్నాను.

బూత్‌లో ఆయన ఎవరికో గట్టిగా చెప్పడం నాకు వినిపించింది. "చూసిందంట! మా అమ్మాయి కళ్లారా చూసిందంట!" ఆ సాయంత్రం ప్రార్థనలో పాస్టర్‌గారు ఈ సంగతి చెప్పి దేవుడికి స్తోత్రం చేశారట. నా అబద్ధానికి ఆమెన్ కూడా పడింది.

అబద్ధాన్ని ఒకసారి చెప్పి ఊరుకోవడం కుదరదు. మరుసటి ఆదివారం ఆయన వివరాలడిగాడు. ఆమె వయసెంత? అంచు పైకి కట్టిందా, కిందికి కట్టిందా? రంగు వెలిసిందా? నేను చెబుతూ పోయాను. ఒకావిడ ఇద్దరయ్యారు, తర్వాత చర్చిలో ఒక కుటుంబం మొత్తం కట్టుకుంది. నాన్న మగ్గం తీయలేదు. చీరలకు మారమని అన్న ఎంత పోరినా వినలేదు. నేను చూసిన ఆ మనుషులు ఉన్నంతకాలం ఆర్డర్లు మళ్లీ వస్తాయని ఆయన లెక్క. ఏడాదికి రెండు మూడు తాన్లు నేస్తూ, మిగతా రోజులు నూలు కండెలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

రెండు వేల రెండులో మా ఫ్లోర్‌కి ఒక కేర్ అసిస్టెంట్ వచ్చింది. నైజీరియా మనిషి. సముద్రానికి దగ్గరగా ఏరు పాయలు పాయలుగా చీలిపోయే చోట, ఆ పాయల మధ్య ఒక దీవి మీద ఆవిడ ఊరు. నాకన్నా పదేళ్లు పెద్ద. మంచి పనిమంతురాలు, అంతకన్నా మంచి పొగరుమోతు. నేను ఆ ఫ్లోర్‌కి ఇన్‌ఛార్జి నర్సుని కాబట్టి డ్యూటీల రోటా వేసేది నేనే. ఆవిడకు ఆదివారం సెలవు కావాలి, చర్చికి. నాకూ ఆదివారం కావాలి, చర్చికీ నాన్న ఫోనుకీ. ఇద్దరం ఒకే దేవుడి పేరు చెప్పి ఏడాదిన్నర కొట్లాడుకున్నాం. చివరకు చెరొక వారం అని ఒప్పందానికి వచ్చాక కాస్త మాటలు కలిశాయి.

రెండు వేల నాలుగు మార్చిలో ఆవిడ తల్లి ఊళ్లో చనిపోయింది. వీసా పొడిగింపు కోసం ఆవిడ పాస్‌పోర్టు పంపి ఉంది, చేతిలో లేదు. వెళ్లడానికి దారి లేదు. హోమ్‌లో అందరం సంతకాలు చేసిన కార్డు, నేను వండిన అన్నం, కోడికూర తీసుకుని ఆవిడ ఫ్లాట్‌కి వెళ్లాను. పరామర్శించి పావుగంటలో వచ్చేద్దామనుకున్నాను.

ఆవిడ నన్ను పడగ్గదిలోకి తీసుకెళ్లింది. మంచం మీద గుడ్డలు మడతలు మడతలుగా వరసగా పేర్చి, అలంకరించి ఉంది. పెద్దవాళ్లు పోతే వాళ్ల ఊళ్లో ఇలా మంచం ముస్తాబు చేస్తారట. ఊరికి వెళ్లలేక ఇక్కడే చేసుకుంది. ఆ మడతల్లో పైది ఎర్ర గళ్లది. అంచు చూశాను. మా అంచే.

అడక్కుండానే దాన్ని తీసి ముఖానికి ఆనించుకున్నాను. నువ్వుల నూనె, నీలిమందు, గంజి. మా ఇల్లు.

శవం మంచం లాంటి ఆ మంచం మీది గుడ్డను ఇలా లాక్కుంటే ఎవరికైనా కోపం రావాలి. ఆవిడకు రాలేదు. వింతగా చూసింది.

"నువ్వు కూడా వాసన చూస్తావా?" అంది. ఇంగ్లీషులో అన్న మాటలు తెలుగులో చెబుతున్నాను.

"నాకీ వాసన తెలుసు."

"మా అమ్మ కూడా అలాగే చూసేది. అసలుదో మాంచెస్టర్‌దో వాసన చూస్తేనే తెలుస్తుంది. మాంచెస్టర్ మిల్లులవాళ్లు గళ్లు అచ్చం దించేశారు, రంగులు దించేశారు. వాసన మాత్రం వాళ్ల చేత కాలేదు."

మా తాతల తాన్లు ఎందుకు వెనక్కి వచ్చేవో నాకప్పుడు తెలిసింది. వాసన ఇష్టపడింది దొరలు కాదు. వీళ్లు. ఈ ఏటి ఊళ్లలోని తల్లులు దొరల నకిలీ సరుకును పట్టుకోవడానికి దాన్ని ముక్కుతో పరీక్ష చేసేవాళ్లు.

ఈ గుడ్డ మా నాన్న నేస్తాడని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అది లండన్ గుడ్డ అంది. వాళ్ల ముత్తాతల కాలం నుంచి ఓడలో తెల్ల వర్తకులు తెచ్చేవాళ్లట. తెల్లవాళ్లే వాళ్ల దేశంలో నేస్తారని వాళ్ల ఊరంతా అనుకునేదట. నేను ఆసామి గోడౌన్ గురించి, గోనె మీది ముద్ర గురించి చెప్పాను. మేమేమో లండన్‌వాళ్లు కట్టుకుంటారనుకున్నాం, మీరేమో లండన్‌వాళ్లు నేస్తారనుకున్నారు అన్నాను. ఆవిడ మంచం పక్కన కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

గుడ్డకు బదులు మీరేమిచ్చేవాళ్లని అడిగాను. పామాయిల్ అంది. పీపాలకు పీపాలు. వాళ్ల ముత్తాత పెద్ద పడవల్లో లోపలి ఊళ్లకు వెళ్లి ఆయిల్ తెచ్చి, ఒడ్డున ఓడవాళ్లకు పోసి, గుడ్డ తీసుకునేవాడట. ఇంగ్లండులో మిల్లులు లేచాయి, రైళ్లు వచ్చాయి. ఇన్ని యంత్రాలు తిరగాలంటే కందెన కావాలి. ఆ మసి కడుక్కోవడానికి సబ్బు కావాలి. రెంటికీ ఈ ఆయిలే. మొదట్లో బేరం ఇద్దరి మధ్య నడిచింది. తర్వాత పక్క ఊరి నాయకుడొకాయన, మా ఆయిల్ మేమే నేరుగా మీ దేశానికి పంపుకుంటాం, ధర మేమే చెబుతాం అన్నాడట. ఫిరంగుల ఓడ వచ్చింది. మాట్లాడదాం రమ్మని పిలిచి ఆయన్ని ఎక్కించుకుపోయారు. ఊరు మళ్లీ కళ్లచూడకుండానే పోయాడు. ఆ తర్వాత బేరం లేదు, వాళ్ల జెండా ఉంది.

నేను మా నాయనమ్మ అత్తగారి మాట చెప్పాను. ఒకప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లో రాట్నం తిరిగేదట. ఆడవాళ్లు వడికిన నూలే మగ్గం ఎక్కేది. తర్వాత ఓడల్లో సీమ నూలు, అంటే ఇంగ్లండు మిల్లుల నూలు, దిగింది. సన్నగా, చవగ్గా, ఎంత కావాలంటే అంత. రాట్నాలు అటకెక్కాయి, తర్వాత పొయ్యిలోకి వెళ్లాయి. ఆ వెనకాలే సీమ గుడ్డ కూడా దిగి, చీరలూ పంచెలూ నేసేవాళ్ల మగ్గాలు మూగబోయాయి. మా మగ్గం ఆగలేదు, మిల్లు చెయ్యలేని రుమాలు మా చేతిలో ఉంది కాబట్టి.

చెబుతుంటేనే నాకు వెలిగింది. ఆ సీమ నూలు వడికిన యంత్రాలకు పూసింది వీళ్ల ఆయిల్. ఆ ఆయిల్‌కి బదులిచ్చింది మా గుడ్డ. మా గుడ్డతో కొన్న ఆయిలే మా రాట్నాలను మింగేసిందన్నమాట. నడుమ లండన్‌లో ఒక వర్తకుడు కూర్చుని, అటు మొహం మాకు చూపించకుండా, ఇటు మొహం వాళ్లకు చూపించకుండా ఇన్ని తరాలు నడిపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చావింట్లో ఉన్నానన్నది మరిచి పెద్దగానే తిట్టాను. తెలుగులోనే తిట్టాను. ఆవిడకు అర్థం కాకపోయినా తల ఊపింది.

అంతలో ఆవిడ మంచం కింది నుంచి ఒక చిన్న బుట్ట లాగింది. సూది, బ్లేడు, సగం పని అయిన ఒక రుమాలు. సూదితో ఒక తెల్ల పోగును పైకి లేపి, బ్లేడుతో తెంపి, మెల్లగా లాగి పారేసింది. మళ్లీ ఇంకొక పోగు.

"ఆపు!" అని అరిచాను.

నేత ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో తెగిన పోగును అతకడం ఒక్కటే చూశాను. కత్తెర మగ్గం దరిదాపుల్లోకి రాకూడదు. చిన్నప్పుడు ఆటకని ఒక పోగు కత్తిరించినందుకు, ఏనాడూ చెయ్యెత్తని నాన్న చెంప చెళ్లుమనిపించాడు. ఇక్కడ ఈ మనిషి నా కళ్ల ముందు ఒక్కొక్క పోగే ఏరి తెంపుతోంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి బ్లేడు లాక్కుంది.

ఆవిడ లేచి నిలబడింది. "అది మా అమ్మ మొదలుపెట్టింది. కూతుర్ని కాబట్టి పూర్తి చెయ్యాలి. పూర్తి చేసి పంపితే అమ్మ మంచం మీద పరుస్తారు. నేను వెళ్లలేకపోయినా అదైనా వెళ్లాలి. బ్లేడు ఇవ్వు."

"మా నాన్న రాత్రీపగలూ కూర్చుని నేసింది ఇలా చించడానికా?"

"వర్తకుడి దగ్గర గుడ్డ ఎవరైనా కొనుక్కోవచ్చు. తెల్ల పోగులు తీసి, మా తల్లులు నేర్పిన గీతలు మిగిల్చాకే అది మాది. తియ్యనంతవరకు అది లండన్ సరుకే."

బ్లేడు మంచం మీద పెట్టి వచ్చేశాను. కోడికూర గిన్నె కూడా అక్కడే వదిలేశాను. బస్సులో కూర్చుని ఏడ్చాను. ఆవిడ మీద కోపమా, నాన్న మీద జాలా, నాకే తెలియలేదు.

ఆ ఆదివారం ఫోన్‌లో నాన్న హుషారుగా ఉన్నాడు.

"నేత సొసైటీ వాళ్లు చీరల మగ్గాలు ఇస్తామని పేర్లు రాసుకుంటున్నారు. ఇదే ఆఖరంట. మీ అన్న రాయించమని ఒకటే గోల. నేను వద్దన్నా. అక్కడ జనం కట్టుకుంటా ఉంటే మనం మగ్గం మార్చడమేంది?"

"ఎప్పటిదాకా రాసుకుంటారు నాన్నా?"

"ఈ నెలాఖరుదాకా. ఎందుకు?"

అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. బూత్ దగ్గర పదిమంది ఉంటారు, వాళ్ల ముందు ఆయన తల తీసేసినట్టవుతుంది, ఉత్తరం రాస్తే నయం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదంతా ఒట్టిది. నాకు ధైర్యం లేకపోయింది, అంతే.

మర్నాడు లినెన్ గదిలో దుప్పట్లు మడత పెడుతున్న ఆవిడ దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను. చెంపదెబ్బ సంగతి చెప్పాను. నాలుగేళ్ల అబద్ధం సంగతి కూడా చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ దుప్పటి అంచు నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మడత పెట్టాం.

"మీ నాన్నకు నిజం చెప్పు. ఊరికే చెప్పకు, చూపించు" అంది.

మర్నాడు ఒక కవరు తెచ్చింది. అందులో వాళ్ల అమ్మ ఫొటో. నడుముకు తెల్ల పోగులు తీసిన రుమాలు కట్టుకుని, గుమ్మంలో నిటారుగా నిలబడి ఉంది. ఆ ఫొటో చుట్టూ చుట్టి ఉన్నది ఆ అమ్మ తన చేత్తో పోగులు తీసిన ఒక రుమాలు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే గళ్ల మధ్య గాలి ఆడుతోంది. అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. చూస్తుంటే నా కోపం నాకే చిన్నదిగా అనిపించింది.

ఉత్తరంలో అంతా రాశాను. బస్సులో ఎవర్నీ చూడలేదని, చర్చిలో ఎవరూ కట్టుకోలేదని, మన గుడ్డ లండన్‌లో ఓడ మారడానికే ఆగేదని, అది వెళ్లింది ఈవిడ ఊరికని, అక్కడ బిడ్డ పుట్టినా మనిషి పోయినా అదే కావాలని, వాళ్లు దాన్ని ఇలా కోస్తారని. నన్ను క్షమించమని. ఫొటో, రుమాలు కూడా లోపల పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపాను.

నెలాఖరు దాటాక చేరింది. సొసైటీ జాబితా అప్పటికే మూసేశారు.

మూడు ఆదివారాలు నాన్న ఫోన్ దగ్గరికి రాలేదు. అన్న వచ్చి, బాగానే ఉన్నాడు, మాట్లాడట్లేదు అని చెప్పి పెట్టేసేవాడు. ఆ మూడు వారాలు నేను హోమ్‌లో మందుల ట్రాలీ తోసుకుంటూ తిరిగానే గాని, మనసు మనసులో లేదు. మగ్గం ముందు కూర్చున్న ఆయన వీపే కనిపించేది. నాన్నకు అరవై రెండు. ఆ వయసులో ఎవరు మగ్గం ఇస్తారు? నా వల్లే పోయింది. ఎంత అటూ ఇటూ తిప్పి చూసుకున్నా వేరే మాట దొరకలేదు.

నాలుగో ఆదివారం ఆయనే ఎత్తాడు.

"నాలుగేళ్లు నన్ను అబద్ధం మీద కూర్చోబెట్టావు" అన్నాడు.

"అవును నాన్నా."

"ఆసామి దగ్గరికి పోయా. ఆ గుడ్డ చూపిచ్చా. ఆయనకి తెలుసంట. వాళ్ల నాన్నకీ తెలుసంట, ఆఫ్రికాకి పోద్దని. మరి ఏనాడూ చెప్పలేదేందయ్యా అంటే, మీరు ఎప్పుడూ అడగలేదు గదా అన్నాడు. నిజమే. మేం అడగలా. ముద్ర చూసి మురిసిపోయాం."

నేను ఏడుస్తున్నాను. ఆయనకు తెలుసు. ఊరుకోమని అనలేదు.

"కోశారని నీకు కోపమొచ్చిందని రాశావే" అన్నాడు. "నాకూ ముందు కడుపు రగిలింది. తర్వాత ఎండలో పట్టి చూశా. పక్క పోగు ఒక్కటి కూడా తెగలా. గీటు పెట్టినట్టు తీసింది ఆ తల్లి. ఆ పని నాకు చేతకాదు."

"వాళ్ల అమ్మ చేసింది నాన్నా."

"ఆ... ఫొటో చూశా. మహా మనిషి." లైన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. కార్డులో నిమిషాలు అయిపోయాయేమో అని భయపడ్డాను.

"అమ్మాయ్, ఆ తెల్ల పోగు చూశావా, గంజితో బిర్రుగా ఉంటది. పక్క పోగుని పట్టేసి వదలదు. అది లాగాలంటే ఎంత కష్టమో. మాకెవడన్నా ఒక్క మాట చెప్పుంటే, తెల్ల నూలుకి గంజి సగమే పెట్టేవాణ్ణి. మా నాన్నా అట్టనే పెట్టేవాడు. లాగితే జారి వచ్చేది. పెద్ద పనేం కాదది, వేరే కుండలో తడపడమే." ఆయన గొంతు అక్కడ పగిలింది. సొసైటీ మగ్గం పోయినందుకు పగలని గొంతు. "ఇన్నేళ్లు వాళ్లని కష్టపెట్టాం గదమ్మా. ఆ బిడ్డకి చెప్పు, మాకు తెలవదని చెప్పు."

ఆ మాట ఆవిడకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. గంజిని ఇంగ్లీషులో ఎలా వివరించాలో వెతుక్కుని, టీ బ్రేక్‌లో, స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర చెప్పాను. తెల్ల నూలు, వేరే కుండ, సగం గంజి, మాకు తెలియదు అని. ఆవిడ కప్పు కింద పెట్టింది. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చుంది.

"పోగులు లాగీ లాగీ, నేను ఇక్కడికి వచ్చే ముందు ఏడేళ్లు మా అమ్మ వేళ్లు ముడుచుకునేవి కావు" అంది. "అన్నం నేనే పెట్టేదాన్ని."